జాదర్ గుండ్రటి చర్చి గురించి

అమ్మాయీ,

క్రొయేషియా నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే 'అద్భుతం' నాలుగుసార్లు, 'మౌనసాక్షి' రెండుసార్లు కనిపించాయి. జాదర్ పేరు కొట్టేసి ఏ ఊరి పేరు రాసినా ఆ పేజీ చెల్లిపోతుంది. అంత దూరం వెళ్ళినదానివి, ఇదా రాసేది?

సెయింట్ డొనాటస్ చర్చి ఎత్తు 27 మీటర్లని రాశావు. సరే. మెడ రిక్కించి పైకి చూశావు గానీ గోడ మొదలు చూడలేదు. మొదటిసారి నేనూ అంతే. చెప్పులో ఇరుక్కున్న రాయి తీసుకుందామని కూర్చుంటే అప్పుడు కంటపడింది. రోమన్ స్తంభాల ముక్కల్ని దుంగల్లా అడ్డంగా పడేసి, వాటి మీద గోడ లేపారు. మధ్యలో లాటిన్ అక్షరాలున్న దిమ్మలు, రోమన్ దేవతలు జూపిటర్, జూనోల బలిపీఠాల రాళ్ళు. సంత, రచ్చబండ, గుడి అన్నీ ఒకచోటే ఉండే రోమన్ ఫోరం నేల మీదే 9వ శతాబ్దంలో ఈ చర్చి కట్టారు. అప్పుడు దాని పేరు హోలీ ట్రినిటీ. డొనాటస్ అనే బిషప్ పేరు తర్వాత వచ్చి చేరింది.

'క్రైస్తవం పాత దేవుళ్ళను జయించింది' అన్నావే, అది కొట్టేయ్. రాయి చేతికందింది, మేస్త్రీ వాడుకున్నాడు. నాకైతే అంతే అనిపిస్తుంది. కసి ఉందో భక్తి ఉందో చదివేవాళ్ళనే తేల్చుకోనీ.

10వ శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పోర్ఫిరోజెనిటస్ ఈ చర్చి గురించి రాశాడు. గుమ్మటం ఉంది, దానిపైన ఇంకో చర్చిలాంటిది ఉంది, మెలికల మెట్లెక్కి పైకి వెళ్తారు. అంతే చెప్పాడు. చక్రవర్తి అయ్యుండీ ఒక్క 'ఆహా' వాడలేదు చూడు!

లోపల ఇప్పుడు ప్రార్థనలు లేవు, కచేరీలు జరుగుతాయి. అడుగు వేస్తే ఆ చప్పుడు గోడలంటా తిరిగి ఎలా వస్తుందో నీ చెవి పెట్టి విని, అది రాయి. నీ వ్యాసంలో శబ్దమే లేదు.

ఇంకొకటి. బయట ఫోరంలో ఒంటరిగా నిలబడ్డ స్తంభానికి మధ్యయుగాల్లో నేరస్థుల్ని కట్టి నలుగురిలో నిలబెట్టేవారు. గొలుసులు ఇప్పటికీ వేలాడుతున్నాయి. దానికి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చి, ఫెర్రీ టికెట్ ధరకి పేరా మొత్తం ఇచ్చావు.

ఫెర్రీ తీసేసి, గొలుసుల దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాయి. నీ ఫోటోల్లో గోడ అడుగుభాగం పడినది ఏదైనా ఉంటే ముందు అది పంపు.

మీ మాస్టారు