కాన్యన్‌ని గండి అనొచ్చా?

సందేహం: అమెరికాలో ఉన్న మా అబ్బాయి యూటా ఎడారిలో ఒక కాన్యన్‌లోకి దిగి, రెండు రాత్రులు టెంట్ వేసుకుని ఉండి వచ్చాడు. వాడు చెప్పిందంతా రాసి ‘ఎడారి లోయలో పర్వతారోహణ, శిబిరం’ అని పేరు పెట్టాను. మావారేమో లోయ కాదు, గండి అనాలంటున్నారు. గండి అంటే కాలువకు పడేది కదండీ? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఈసారికి మీవారే గెలిచారమ్మా. లోయ ఎంత వెడల్పున్నా లోయే, అరకు లోయలో పొలాలు, ఊళ్లు, రైలు స్టేషను కూడా ఉన్నాయి. కాన్యన్ అలా కాదు, ఏరు రాతిని కోసుకుంటూ పోగా పోగా రెండు పక్కలా గోడల్లా మిగిలిన చోటు. కడప వైపు దాన్ని గండి అనే అంటారు. పెన్న ఎర్రమల కొండల్ని కోసిన చోట, ఆ గండి అంచున ఉంది కాబట్టే గండికోట. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండను చీల్చుకుని పోయే చోటుకైతే పేరే గండి.

మనకొచ్చిన చిక్కల్లా కాలువలతోనే. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పటి నుంచీ, బెజవాడవాణ్ణి కదా, గండి అనగానే నాకూ ఇసుక బస్తాలే గుర్తొస్తాయి. అయినా అర్థం మారలేదు, రెండూ నీళ్లు కోసిన చోట్లే. కట్టను కోయడానికి ఒక రాత్రి చాలు, కొండకు లక్షల ఏళ్లు పడుతుంది, అంతే తేడా.

కనుమ అనకండి, అది కొండ దాటే దారి. కోన మంచి మాటే గానీ తలకోనలా చెట్టూ నీడా జలజలా ఉండాలి, ఎడారికి నప్పదు.

ఇక పర్వతారోహణ. కొండైతే ముందు ఎక్కి తర్వాత దిగుతాం, గండిలో ముందు దిగిపోయి, కాళ్లు లాగేస్తున్నప్పుడు ఎక్కిరావాలి, మీవాడి అసలు కష్టం అదే అయ్యుంటుంది. ట్రెక్కింగ్ అనేయండి, అందరికీ తెలుసు. శిబిరం అంటే కంటి పరీక్షలు చేస్తారనుకుంటారు, ‘గుడారం వేసుకున్నాం’ అంటే సరి. ఎక్కడో దూరాన వాన పడితే ఇక్కడ పైన ఎండ కాస్తుండగానే నీళ్లు మీదికొస్తాయి, అందుకే ఇసుక ఎంత మెత్తగా ఉన్నా వాగు నడుమ గుడారం వేయరు. దానికి ఆకస్మిక వరద అని పేపరు భాష ఎందుకు, ‘ఒక్కసారిగా వాగొచ్చేసింది’ అని రాయండి.

ఒక్క జాగ్రత్త. గండికి బహువచనం గండ్లు. ‘మావాడు రెండు గండాలు దాటాడు’ అని రాశారంటే, చుట్టాలంతా టెన్షన్ పడి మీకు ఫోన్లు చేస్తారు.