ఫొటో తీశాను, చూసింది మాత్రం గుర్తులేదు!

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాగా చేస్తున్నాను. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. టెన్షన్ తగ్గుతుందని, పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తూ ఫోన్‌లో ఫొటోలు తీయమన్నాడు మా అబ్బాయి. అదేదో మైండ్‌ఫుల్‌నెస్ అట, అంటే చేసే పని మీదే మనసు పెట్టడమట. రోజుకు వంద దాకా తీసి స్టేటస్‌లో పెడుతున్నాను. మొన్న మా ఆవిడ ఒక ఫొటో చూపించి ‘ఈ పిట్ట ఎక్కడ కనిపించింది?’ అంటే ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మతిమరుపు మొదలైందా? ఫొటోలు మానేయాలా?
- ఒక పాఠకుడు, వరంగల్

డాక్టర్ సలహా: మీరు రాసినదాన్ని బట్టి ఇది మతిమరుపులా అనిపించడం లేదు. ఆ పిట్టను మీరు మరిచిపోలేదు, అసలు చూడనే లేదు. గంటలో వంద ఫొటోలు తీసేవారికి ఒక్క పిట్ట దగ్గర ఆగే తీరిక ఎక్కడిది?

దీని మీద లిండా హెంకెల్ అనే అమెరికా సైకాలజిస్టు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. మ్యూజియంలో కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నింటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు అడిగితే ఫొటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. కెమెరాలో ఉందిలే అని మనసు వదిలేస్తుందన్నమాట. అయితే వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం జ్ఞాపకం తగ్గలేదు. మీకు పనికొచ్చేది ఈ రెండో సంగతే.

నేనూ ఇందులో తక్కువేం తినలేదు. ఓసారి రామప్పకు వెళ్లి ఫోన్ నిండా ఫొటోలు తీసుకొచ్చాను. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న మదనిక శిల్పం ఉంటుంది కదా, ఆమె ఎటు తిరిగి నిలబడిందని ఇంట్లో అడిగితే నోరు మెదపలేకపోయాను.

కాబట్టి ఫొటోలు మానొద్దు, తగ్గించండి. రోజుకు ఒక్కటి చాలు. వెనకటి కెమెరాల ఫిల్మ్ రీల్‌లో 36 ఫొటోలే వచ్చేవి, అందుకే జనం చూసి చూసి నొక్కేవారు. కట్ట మీదికి వెళ్లాక మొదటి పది నిమిషాలు ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. తర్వాత కంటికి ఏది ఆనితే దాని దగ్గర ఆగండి. వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీడ ఎక్కడిదాకా ఉంది, ఏ రంగు ఎక్కడ మారుతోంది అని నిదానంగా నాలుగు సార్లు ఊపిరి తీసుకునేంత సేపు చూడండి. అప్పుడు ఒక్క క్లిక్. బాగా రాకపోయినా మళ్లీ తీయొద్దు. రాత్రి ఫోన్ తెరవకుండా ఆ ఫొటోలో ఏమేం ఉన్నాయో మీ ఆవిడకు చెప్పండి, ఆ తర్వాతే ఇద్దరూ చూడండి.

ఇది మీకు కొత్తేం కాదు. ఎర్రటి మిర్చి రాశిలో తాలు కాయను ఇట్టే పట్టేసే చూపు మీది. ఆ చూపునే కాసేపు ధరతో, తూకంతో పని లేకుండా వాడమంటున్నాను. మార్కెట్లోనూ కుదురుతుంది. టమాటాలా ఉబ్బిన చపాట రకం మిరపకాయ తొడిమె దగ్గర ముడత ఎలా పడిందో ఎప్పుడైనా చూశారా? హమాలీల ఫొటో తీయాలనుకుంటే మాత్రం ముందు వాళ్లను అడగండి.

స్టేటస్ సంగతి వేరు. పెట్టాక ఎవరెవరు చూశారని పదిసార్లు తెరిచి చూస్తుంటే తగ్గిన టెన్షన్ మళ్లీ మొదటికొస్తుంది. నెల రోజులు ఆపి చూడండి.

ఉత్తరం చదివి నిర్ధారణ చేయలేను కాబట్టి, ఒకసారి ఫిజీషియన్‌ను కలిసి షుగర్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకోండి. గట్టిగా గురక పెడుతూ, పగలు నిద్ర ముంచుకొస్తుంటే అదీ చెప్పండి. మతి నిలవకపోవడానికి ఇవన్నీ కారణాలే. లెక్కల్లో ఎప్పుడూ లేని తప్పులు రావడం, తెలిసిన దారి తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం ఉంటే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు. రెండు వారాలకు మించి మనసు దిగులుగా ఉండి, దేని మీదా ఆసక్తి లేకపోతే అది ఫొటోలతో పోయేది కాదు. సైకియాట్రిస్టును కలవండి, లేదా మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మనసు తేలికపడిందని బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఇంకో మాట, కట్ట మీద స్క్రీన్ చూస్తూ వెనక్కి అడుగులు వేయకండి.