మీకు సంఘమే చుట్టాలు కదా!

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మా ఆయన ఒక చిన్న సంఘానికి పాస్టరు. మంగళవారం గృహకూటం, బుధవారం స్త్రీల కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యూత్, ఆదివారం రెండు ఆరాధనలు. వీటి మధ్యలో ఆసుపత్రులు, భూస్థాపనలు, కొత్త ఇళ్ల ప్రార్థనలు. నా పుట్టిల్లు ఖమ్మం. అమ్మ లేదు, నాన్న ఒక్కరే ఉంటారు. తమ్ముడి ఇల్లు పక్క వీధిలోనే. నూజివీడులో మా వదిన, అంటే మా ఆయన సొంత అక్క, కూతురికి ఓణీల ఫంక్షన్ చేస్తే మేం వెళ్లలేకపోయాం. ఆ రోజే మా ఊళ్లో సభలు. అప్పట్నుంచి ఆవిడ మా ఫోన్ ఎత్తడం లేదు. తమ్ముడేమో "మీకు సంఘమే చుట్టాలు కదక్కా" అంటున్నాడు. ఈయన్ని కదిపితే "తండ్రినైనను తల్లినైనను నాకంటె ఎక్కువగా ప్రేమించువాడు నాకు పాత్రుడు కాడు" అని వచనం చెబుతారు. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దు, బాపట్ల జిల్లా

జవాబు: తల్లీ, ముందు ఆ వచనం సంగతి. మత్తయి 10 చదివిన మీ ఆయన మార్కు 7 కూడా చదివే ఉంటారు. అమ్మానాన్నలకు పెట్టాల్సింది 'కొర్బాను' అయిపోయింది, దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి తప్పించుకునేవాళ్లను ప్రభువు అక్కడ గట్టిగానే కడిగేశారు. ఈ మాట నువ్వు అనకు, నేను రాశానని చదివి వినిపించు. పెళ్లాం చెప్పే వాక్యం పాస్టర్లకు ఓ పట్టాన చెవికెక్కదు. మా ఇంట్లో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక మీ వదిన. ఆవిడకు కోపం వచ్చింది మీరు రాలేదని కాదు, మేనమామ రాలేదని. పిల్లకు మేనమామ బట్టలు పెట్టాల్సిన చోట ఆయనే లేకపోతే, వచ్చిన ప్రతి ముత్తయిదువా "మీ తమ్ముడేడమ్మా?" అని అడిగి ఉంటుంది. ఆ పూటంతా ఆవిడ ఎంతమందికి సర్దిచెప్పుకుందో మనకేం తెలుసు? దీనికి ఫోన్లో సారీ పనికిరాదు, నువ్వు వెళ్లినా పనికిరాదు. ఆయనే వెళ్లాలి. ఆదివారం అలసట తీరాక సోమవారం మధ్యాహ్నం బయల్దేరితే పిల్ల స్కూలు నుంచి వచ్చేసరికి నూజివీడు చేరతారు. పట్టుబట్టలు, పూలు, స్వీట్లు తీసుకుని వెళ్లమను. తోడుగా సంఘస్తులెవరినీ కారెక్కించుకోవద్దు. సభలకు ఎంతమంది వచ్చారో అక్కడ ఎత్తొద్దు. "నేను రావాల్సింది అక్కా" అని ఊరుకుంటే చాలు. ఆవిడ నాలుగు మాటలంటుంది, అననివ్వాలి. అన్నం పెడితే తిని, రాత్రికి అక్కడే పడుకుని రావాలి.

ఇంకొకటి. చుట్టాలింట్లో కూర్చోగానే బైబిలు తియ్యొద్దు. వాళ్లు అడిగితే సంతోషంగా ప్రార్థన చెయ్యండి, అడక్కపోతే టీ తాగి కబుర్లు చెప్పండి. మా బావగారు దుగ్గిరాల వైపు పసుపు రైతు, మా విశ్వాసం కాదు. ఒక శుక్రవారం ప్రార్థన చేయించుకునేవాళ్ల వరస తరిగేదాకా మా వసారాలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి నాతో "అమ్మాయ్, మా తమ్ముడితో మాట్లాడాలంటే నేనూ ఆ వరసలో నిలబడాలా?" అన్నాడు. లోపలికి వెళ్లి ఆ మాట యథాతథంగా చెప్పాను. మా ఆయన తెల్లబట్టలు విప్పి, లుంగీ కట్టుకుని వచ్చి అన్న పక్కన కూర్చున్నారు. మర్నాడు ఇద్దరూ కలిసి పసుపు యార్డుకి వెళ్లి, కొమ్ము ఎంత పలికింది, కాయ ఎంత పలికింది అనే లెక్కలతో తిరిగొచ్చారు. సువార్త ఒక్క ముక్క చెప్పలేదని సంఘంలో కొందరు నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు.

నిర్గమకాండం 18 మీ ఆయన చాలాసార్లు బోధించే ఉంటారు, పని పంచుకోవడం గురించి. దాని మొదలు చూడమను. మామ వచ్చాడని కబురు తెలియగానే మోషే ఎదురెళ్లి, వంగి, ముద్దుపెట్టుకుని, క్షేమం అడిగి డేరాలోకి తీసుకెళ్లాడు. అంత జనం చుట్టూ పెట్టుకుని కూడా. తెల్లారి ఆ మామే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జనం అల్లుడి చుట్టూ నిలబడి ఉండటం చూసి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. ఇశ్రాయేలు పెద్దలెవరూ ఆ మాట అనలేదు. మీ సంఘ పెద్దలూ అనరు, "అయ్యగారు లేకపోతే ఎలా?" అంటారు. చుట్టాలు దూరమైతే ఈ మాట చెప్పేవాళ్లే ఉండరు తల్లీ.

మీ నాన్నగారి దగ్గరికి వెళ్లడానికి ఆయనకు తీరిక దొరికేదాకా నువ్వెందుకు ఆగాలి? బాపట్లలో ఎక్కితే తెనాలి, విజయవాడ మీదుగా నేరుగా ఖమ్మంలో దిగే రైళ్లున్నాయి. నెలలో ఒక బుధవారం స్త్రీల కూటాన్ని మీ సంఘంలో వాక్యం తెలిసిన పెద్దావిడకు అప్పగించు. నీకంటే బాగా నడిపినా ఆశ్చర్యపోకు. మంగళవారం వెళ్లి గురువారం వచ్చెయ్. మీ ఆయన పిల్లలకు రెండు పూటలు అన్నం వార్చి పెడితే ఏమీ కాదు.

ఇద్దరూ పిల్లలతో వెళ్లాలంటే సంక్రాంతిని మించింది లేదు. డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్, ఆపైన 31 రాత్రి ఆరాధన, వాగ్దాన కార్డులు. అదంతా అయ్యాక జనవరి రెండో వారంలో చర్చికి కాస్త ఊపిరాడుతుంది. స్కూళ్లకు సెలవులు, చుట్టాలంతా ఇళ్లలోనే ఉంటారు. మే నెల మీద ఆశ పెట్టుకోకు, అది వీబీఎస్‌తోనే, అంటే పిల్లల వేసవి బైబిలు తరగతులతోనే పోతుంది. ఆదివారం కలిసొచ్చే పెళ్లిళ్లుంటే, ప్రభు భోజన సంస్కారం ఉన్న మొదటి ఆదివారం తప్ప మిగతావాటికి ప్రసంగీకుడిని ముందే పిలిచి పెట్టుకోవచ్చు.

మీ తమ్ముడికి రోజూ పొద్దున వాట్సాప్‌లో వాక్యం కార్డు పంపుతుంటావనుకుంటా. పంపేవాళ్లకి అది పలకరింపే. అందుకున్నవాడికి మాత్రం రెండొందల మందికి పంపినదే తనకూ వచ్చిందని తెలుసు. వాడికి "నాన్న బీపీ మాత్ర వేసుకున్నారా? మరదలి నడుం నొప్పి తగ్గిందా?" అని నీ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టు.

ప్రశ్న: కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేస్తున్నాను. శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ రోజు ఆరాధన, తర్వాత పాటల ప్రాక్టీసు, ఆపైన కొత్తగా వచ్చిన మనవాళ్లను కలవడం. రాత్రి ఫోన్ చేస్తే రాజంపేటలో అమ్మ నిద్రపోయి ఉంటుంది. అలుగుతోంది.
– ఒక సోదరుడు

జవాబు: నాయనా, నీకు ఉదయం ఏడైతే అమ్మకు తొమ్మిదిన్నర. టిఫిన్ తిని తీరిగ్గా కూర్చునే వేళ. ఆరాధనకు బయల్దేరే ముందే చెయ్యి, వీడియో కాల్ చెయ్యి. పాటల ప్రాక్టీసులో పాడేది అమ్మకు తెలిసిన కీర్తనైతే ఒక చరణం ఆవిడ చేతే పాడించుకో. మీ చెల్లెలికి, మేనత్తకు మాత్రం అమ్మ ఫోన్ నుంచి కాకుండా విడిగా చెయ్యి. అమ్మ పక్కనుంటే వాళ్లు అసలు సంగతులు చెప్పరు.