సౌదీలో నాలుగు నెలలుగా జీతం లేదు. క్యాంపంతా పని బంద్ పెడితే వస్తుందా?

అడిగిన విషయం క్లుప్తంగా: రియాద్‌లో కన్‌స్ట్రక్షన్ కంపెనీ, ఏడేళ్ల సర్వీసు, బేసిక్ 1,000, అలవెన్సులు 500, మొత్తం 1,500 రియాళ్లు. నాలుగు నెలలుగా జీతం పడలేదు, అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు) గడువు దగ్గర పడుతోంది. కొందరు డ్యూటీ బంద్ పెట్టి క్యాంపులో కూర్చుందామంటున్నారు, కొందరు బయటికెళ్లి పని చూసుకుందామంటున్నారు. ఏది చేయాలి?

రెండూ వద్దు తమ్ముడూ. ముందు మక్తబ్ అమల్‌లో, అంటే లేబర్ ఆఫీసులో, కేసు పడాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

మన దగ్గర సమ్మె నోటీసిచ్చి గేటు ముందు కూర్చుంటే లేబర్ ఆఫీసరైనా వచ్చి మాట్లాడతాడు. సౌదీలో ఆ తలుపే లేదు. 1953లో, మళ్లీ 1956లో ఆరామ్‌కో చమురు కంపెనీ కార్మికులు సమ్మె చేస్తే, 1956లో రాజాజ్ఞతో సమ్మెల్నే నిషేధించారు. అప్పుడు పని ఆపినవాళ్లలో ఎక్కువమంది సౌదీలే. సొంత మనుషులకే ఇవ్వనిది బయటి నుంచి వచ్చినవాళ్లకు ఇస్తారా? ఇప్పటికీ యూనియన్లు లేవు. పెద్ద కంపెనీల్లో వర్కర్ల కమిటీ పెట్టుకోవచ్చు గానీ అందులో సభ్యులు సౌదీలే ఉండాలి. 2016లో మక్కాలో జీతాలందని కార్మికులు బస్సులు తగలబెట్టారు. జీతాల గొడవల్లో పాల్గొన్న విదేశీ కార్మికులకు జైలు, కొరడా దెబ్బల శిక్షలు పడ్డాయని 2017 జనవరిలో సౌదీ పత్రికలే రాశాయి. మీరు శాంతంగానే కూర్చోవచ్చు. పక్కనున్న 300 మందిలో ఒకడు రాయి విసిరితే కేసు అందరి మీదా పడుతుంది.

పోలీసుల సంగతి అలా ఉంచండి, బంద్‌లో ఇంకో చిక్కుంది. లేబర్ చట్టం 80వ ఆర్టికల్ ప్రకారం కారణం లేకుండా వరసగా 15 రోజులు దాటి డ్యూటీకి రాకపోతే, 10 రోజులప్పుడు రాతపూర్వకంగా హెచ్చరించి, సర్వీసు డబ్బు (ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇవ్వాల్సింది) లేకుండానే తీసేయొచ్చు. అంటే జీతం ఎగ్గొట్టిన కంపెనీకి సర్వీసు డబ్బు ఎగ్గొట్టే సాకు మీరే చేతికిచ్చినట్టు. బయటికెళ్లిపోవడం ఇంకా నష్టం. పనికి రావట్లేదని కంపెనీ రిపోర్టు పెడితే ఖల్లివల్లి, అంటే పారిపోయిన మనిషి కింద లెక్క. ఆ తర్వాత మీరు ఫిర్యాదుదారు కాదు, దొరికితే పట్టుకెళ్లే మనిషి. కేసు నడిచినన్నాళ్లూ క్యాంపులోనే ఉండండి, పంచ్ కొట్టండి. పంచ్ మిషన్ తీసేస్తే రోజూ సైట్ గేటు దగ్గర తేదీ పడేలా ఒక ఫొటో తీసుకోండి. సైటుకు బస్సే పంపకపోతే ఆ సంగతి ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో రాయండి: 'ఈ రోజు బస్సు రాలేదు, డ్యూటీకి సిద్ధంగా ఉన్నాం.' ఈ ఒక్క మెసేజ్ ఎన్ని కేసుల్లో పనికొచ్చిందో చెప్పలేను.

ఇప్పుడు కాగితాలు. ముందుగా చూసుకోవాల్సింది ఫోన్ సిమ్. అది మీ అకామా నంబరు మీదే ఉండాలి. రూమ్మేట్ పేరు మీదున్న సిమ్ వాడుతుంటే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలైన అబ్షిర్, నఫాజ్ ఓటీపీలు మీకు రావు. అక్కడే సగం మంది ఆగిపోతారు. సిమ్ సరిచేసుకున్నాక, కాంట్రాక్టులు నమోదయ్యే ప్రభుత్వ సైటు కివాలో కార్మికుడి అకౌంటు తెరిచి మీ కాంట్రాక్టు చూడండి. ఊళ్లో ఏజెంటు చేతిలో పెట్టిన ఆఫర్ లెటర్‌లో 1,800 ఉండి, కివాలో 1,200 ఉందనుకోండి, కోర్టులో నిలబడేది కివాలోని కాగితమే. గోసీ (సామాజిక బీమా సంస్థ) సైటులో మీ జీతం ఎంతని రాయించారో కూడా చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి.

తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటు, కనీసం ఏడాదిది, ఈ రోజే పీడీఎఫ్ దింపుకోండి. అకామా గడువు దాటితే బ్యాంకు అకౌంటు ఆగిపోతుంది, అప్పుడు స్టేట్‌మెంటు తీయడానికి నానా తిప్పలు పడాలి. అకామా రెన్యువల్‌కు కంపెనీ ఎందుకు వెనకాడుతుందో కూడా తెలుసుకోండి. సౌదీల కంటే విదేశీయులు ఎక్కువున్న కంపెనీ ఒక్కో మనిషికి నెలకు 800 రియాళ్ల లెవీ కట్టాలి. ఏడాదికి 9,600, దానిపైన అకామా ఫీజు 650. మీ జీతమే ఏడాదికి 18,000 అయితే అందులో సగానికి పైనే. డబ్బు ఆడని కంపెనీ మొదట ఆపేది ఇదే. ఆ ఖర్చు మీరు పెట్టుకోమంటే ఒప్పుకోవద్దు. 40వ ఆర్టికల్ ప్రకారం అకామా, వర్క్ పర్మిట్, ఆలస్యమైతే పడే జరిమానా అన్నీ కంపెనీవే. ఆజాద్ వీసా పేరుతో వచ్చి కఫీల్‌కు (వీసా ఇచ్చిన స్పాన్సర్‌కు) నెలనెలా కట్టుకునేవాళ్లకు మాత్రం ఈ మాట చెప్పి లాభం లేదు. వాళ్ల పని ఒకచోట, కాగితం ఇంకోచోట.

లెక్క మీరే వేసి పెట్టుకోండి, మక్తబ్‌లో ఎవరూ మీ కోసం కూర్చుని వేయరు. నాలుగు నెలల జీతం 6,000. సర్వీసు డబ్బు మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం: 750 చొప్పున ఐదేళ్లకు 3,750, 1,500 చొప్పున రెండేళ్లకు 3,000, కలిపి 6,750. ఏడాది సెలవు మిగిలి ఉంటే, ఐదేళ్లు దాటినవాళ్లకు 30 రోజులు కాబట్టి 1,500. మొత్తం 14,250, ఇంటికి టికెట్ అదనం. కంపెనీ అకౌంటెంటు దాదాపు ప్రతిసారీ బేసిక్ 1,000 మీదే సర్వీసు లెక్కేసి 4,500 చూపిస్తాడు. చట్టంలో ఉన్నది చివరి జీతం, అలవెన్సులతో కలిపి. ఇంకో మెలిక: మామూలుగా రాజీనామా చేస్తే ఐదు నుంచి పదేళ్ల లోపు సర్వీసుకు మూడింట రెండు వంతులే వస్తుంది, అంటే 6,750 కాస్తా 4,500 అవుతుంది. కంపెనీ తన బాధ్యత తప్పింది కాబట్టి 81వ ఆర్టికల్ కింద మానేస్తున్నానని రాస్తే మొత్తం వస్తుంది. రాజీనామా కాగితంలో 'వ్యక్తిగత కారణాలు' అని రాసి 2,250 రియాళ్లు పోగొట్టుకోకండి.

కేసు వేయాల్సింది మానవ వనరుల శాఖ సైటులోని తస్‌వియా వద్దియ్యా సర్వీసులో, అంటే రాజీ విభాగంలో. ఆన్‌లైన్‌లో రాకపోతే 19911కి ఫోన్ చేయండి. ఫిర్యాదులో 'జీతాలు ఇవ్వట్లేదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఏ నెల, ఎంత, సర్వీసు ఎంత, సెలవు ఎంత, ఓవర్‌టైమ్ ఎంత అని విడివిడిగా అడగాలి. రాజీ దశలో అడగనిది కోర్టులో కొత్తగా తేవడం కష్టం. మొదటి వాయిదా నుంచి 21 పని దినాల్లో రాజీ కుదరకపోతే కేసు లేబర్ కోర్టుకు వెళ్తుంది. అయితే దానంతట అది నడవదు, న్యాయశాఖ వాళ్ల నాజిజ్ సైటులో మీరు దావా నమోదు చేయాలి. కార్మికుడికి కోర్టు ఫీజు లేదు. ఉద్యోగం ముగిసిన నాటి నుంచి 12 నెలలు దాటితే దావా చెల్లదు, ఈ తేదీ గోడ మీద రాసిపెట్టుకోండి.

రాజీలో కంపెనీ మనిషి వచ్చి వాయిదాల్లో ఇస్తామంటాడు. ఒప్పుకోవచ్చు, తప్పేం లేదు. కానీ రాజీపత్రంలో ఒక్కో వాయిదా తేదీ, మొత్తం అంకెల్లో ఉండాలి. బుక్రా (రేపు) అనేది తేదీ కాదు. సంతకాలైన రాజీపత్రం తీర్పుతో సమానం. డబ్బు రాకపోతే నాజిజ్‌లోనే తన్‌ఫీజ్, అంటే అమలు అర్జీ పెట్టాలి. తీర్పు వచ్చాక చాలామంది ఆ అర్జీ పెట్టకుండా ఎదురు చూస్తూ కూర్చుంటారు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ముఖాలసా కాగితం దగ్గర. అరబ్బీలో ఒకటిన్నర పేజీ ఉంటుంది, కింద వేలిముద్ర. 'నాకు రావలసినవన్నీ ముట్టాయి, ఇక ఏ దావా లేదు' అని దాని అర్థం. పాస్‌పోర్టు, టికెట్ చేతిలో ఊపుతూ దీని మీద సంతకం అడుగుతారు. 8వ ఆర్టికల్ ప్రకారం కాంట్రాక్టు నడుస్తుండగా హక్కులు వదులుకున్నట్టు రాయించుకుంటే చెల్లదు, కార్మికుడికి దానివల్ల మేలుంటే తప్ప. కాంట్రాక్టు ముగిశాక పెట్టిన సంతకానికి ఆ రక్షణ లేదు. అందుకే కంపెనీలు ముందు కాంట్రాక్టు ముగించి, ఆ తర్వాత కాగితం చాపుతాయి. డబ్బు అకౌంటులో పడకుండా సంతకం పెట్టొద్దు. ఏ కాగితమైనా ముందు ఫొటో తీసి, అరబ్బీ చదవగలిగినవాళ్లకు చూపించండి.

కంపెనీ మారడం గురించి. 2021 మార్చి 14న అమల్లోకి వచ్చిన సంస్కరణల తర్వాత కఫీల్ సంతకం లేకుండా మారడం నిజంగానే సులువైంది. మామూలుగా ఏడాది పూర్తవ్వాలి, నోటీసు ఇవ్వాలి. వరసగా మూడు నెలలు జీతం రాకపోయినా, అకామా గడువు ముగిసినా కంపెనీ ఒప్పుకోవాల్సిన పని లేదు. మీకు నాలుగు నెలలైంది కాబట్టి దారి తెరిచే ఉంది. కొత్త కంపెనీ కివాలో రిక్వెస్టు పంపుతుంది, మీరు ఒప్పుకుంటే చాలు. ట్రాన్స్‌ఫర్ ఫీజు మొదటిసారి 2,000, రెండోసారి 4,000, ఆ పైన 6,000 రియాళ్లు. అది కొత్త కంపెనీదే. మారితే పాత బాకీ పోతుందని క్యాంపులో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. పోదు. పాత కంపెనీ మీద కేసు వేరు, కొత్త ఉద్యోగం వేరు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపరులు, తోటమాలులకు మాత్రం ఈ 2021 మార్పులు వర్తించవు. ఇళ్లలో పనిచేసేవాళ్ల కాంట్రాక్టులు ముసానెద్ అనే ప్రభుత్వ సైటులో ఉంటాయి, దారి వేరు.

కంపెనీ మునిగిపోతే ఏమిటి? 2014లో 100 డాలర్లకు పైగా ఉన్న చమురు 2016 జనవరికి 30 కిందకు పడింది, ప్రభుత్వం కాంట్రాక్టర్ల బిల్లులు ఆపింది, కాంట్రాక్టర్లు జీతాలు ఆపారు. సౌదీ ఓజర్ లాంటి పెద్ద కంపెనీయే 2017లో మూతపడింది. దాని కార్మికుల పాత బాకీల చెల్లింపులు 2024 మొదట్లో గానీ మొదలు కాలేదు. 2024 అక్టోబరు నుంచి ఒక బీమా ఉంది: కంపెనీ తన విదేశీ కార్మికుల్లో 80 శాతం మందికి వరసగా ఆరు నెలలు జీతాలివ్వకపోతే, ఒక్కొక్కరికి 17,500 రియాళ్ల వరకు, టికెట్‌కు 1,000 వరకు ఇస్తారు. మీది నాలుగు నెలలే కాబట్టి ఇంకా వర్తించదు. అందరూ ఒకేసారి కేసులు వేస్తే లాభం ఇక్కడే: కంపెనీ ఎంతమందికి బాకీ పడిందో రికార్డుకెక్కుతుంది. బంద్‌కు కూడగట్టే ఆ మనుషుల్నే కూర్చోబెట్టి ఒకే వారంలో విడివిడిగా ఫిర్యాదులు పెట్టించండి.

కేసు తేలకముందే ఖురూజ్ (ఫైనల్ ఎగ్జిట్) మీద ఇంటికి వెళ్లాల్సి వస్తే, వెళ్లకముందే నాజిజ్‌లో నమ్మకమైన మనిషికి వకాలా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, ఇవ్వండి. అందులో కేసు నడపడం, రాజీ, డబ్బు తీసుకోవడం, తన్‌ఫీజ్ నాలుగూ ఉండాలి. డబ్బు తీసుకునే అధికారం రాయకపోతే, మీరు ఊరెళ్లాక సిమ్ పోయి, అకౌంటు ఆగి, గెలిచిన డబ్బు అక్కడే ఉండిపోతుంది. ఎంబసీకి కూడా రాతపూర్వకంగా తెలపండి. ఊళ్లో ఇంటివాళ్లు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. వాళ్లకు పంపాల్సింది: పాస్‌పోర్టు నంబరు, 2తో మొదలయ్యే 10 అంకెల అకామా నంబరు, 7తో మొదలయ్యే 10 అంకెల కంపెనీ నంబరు, తస్‌వియా కేసు నంబరు.