పది రూపాయల బిళ్ళ చాలు

(నాణేల ఇంద్రజాలం నేర్చుకోవడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు ఇస్తున్నది బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసి రిటైరైన ఒక హస్తలాఘవ ప్రియుడు.)

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫోనులో చూసి ఫ్రెంచ్ డ్రాప్, క్లాసిక్ పామ్, మజిల్ పాస్, వేళ్ళ మీద నాణెం దొర్లించడం కొంచెం కొంచెం నేర్చుకున్నాను. స్నేహితుల ముందు ఏది చేసినా "ఆ చేతిలో ఉంది" అని వెంటనే పట్టేస్తున్నారు. లోపం ఎక్కడుంది? ఏ వరుసలో నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థి, తణుకు

జవాబు: నాలుగూ కొంచెం కొంచెం వచ్చాయంటే ఒక్కటీ రాలేదనే లెక్క. నొచ్చుకోకండి, ఈ విద్యలో దాదాపు అందరూ ఇలాగే మొదలుపెడతారు. మజిల్ పాస్‌ను, అంటే అరచేతి కండ బిగించి బిళ్ళను పైకి ఎగరేయడాన్ని, ఇప్పటికి పక్కన పెట్టండి. దానికి నెలల సాధన కావాలి, అరచేయి కందిపోతుంది, పైగా కొత్తవారికి దానితో పనేమీ లేదు. వేళ్ళ మీద దొర్లించడం చూడముచ్చటగానే ఉంటుంది గానీ నాకు గిట్టదు. "నా వేళ్ళు మహా చురుకు సుమా" అని చూసేవాళ్ళను ముందుగానే హెచ్చరించడం అది. ఆ తరవాత మీరు ఏం మాయం చేసినా ఘనతంతా వేళ్ళ ఖాతాలోకే పోతుంది.

ఫింగర్ పామ్‌తో, అంటే బిళ్ళను వేళ్ళ మొదట్లో కనబడకుండా దాచి పట్టుకోవడంతో, మొదలుపెట్టండి. మధ్యవేలు, ఉంగరపు వేలు అరచేతిని కలిసే చోట బిళ్ళ పడుకుని ఉంటుంది. ఆ రెండు వేళ్ళూ పిసరంత వంగితే చాలు, నిలుస్తుంది. చేయి పక్కకు వదిలేసి అద్దం ముందు నిలబడండి. ఏమీ పట్టుకోని చేతి వేళ్ళు కూడా కొంచెం వంగే ఉంటాయి. కుడి ఎడమలు రెండూ ఒకేలా కనిపించాయంటే పని అయినట్టే. జాతిరాయి ఉంగరం ఉంటే మాత్రం ముందే తీసి పక్కన పెట్టండి. బిళ్ళ దానికి తగిలి టక్కుమందంటే ఇక ఎంత నటించినా లాభం లేదు.

తరవాత ఫ్రెంచ్ డ్రాప్, అంటే బిళ్ళను ఒక చేతి నుంచి ఇంకో చేతిలోకి తీసుకున్నట్టు నటించడం. చాలా పాతది. 1876లో లండన్‌లో వెలువడిన ప్రొఫెసర్ హాఫ్‌మన్ ఇంద్రజాల పుస్తకం 'మోడర్న్ మ్యాజిక్'లోనే టూర్నికే అనే ఫ్రెంచి పేరుతో ఉంది. ఎడమ చేయి వెల్లకిలా ఉంచి, బొటనవేలికీ చూపుడు, మధ్యవేళ్ళ కొసలకూ నడుమ బిళ్ళను అంచుల దగ్గర పట్టుకోవాలి. కుడి చేయి వచ్చి, బొటనవేలు బిళ్ళ కిందుగానూ తక్కిన వేళ్ళు పైగానూ పోనిచ్చి, అందుకుంటున్నట్టు మూసుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో ఎడమ బొటనవేలు పట్టు వదులుతుంది. బిళ్ళ ఎడమ చేతి వేళ్ళ మీదికి జారి ఇందాక చెప్పిన ఫింగర్ పామ్‌లో పడుతుంది. కుడి చేయి ఖాళీగా వెళ్ళిపోతుంది.

చేతి పని ఇంతే, వారం రోజుల్లో పట్టుబడుతుంది. మీ దగ్గర బెడిసికొడుతున్నది వేరే చోట. ఒక రోజంతా మాయం చేయడం మానేసి, బిళ్ళను నిజంగానే ఎడమ చేతి నుంచి కుడి చేతిలోకి తీసుకోండి. ఫోను ఎదురుగా నిలబెట్టి రికార్డు చేసి చూసుకోండి. నిజంగా తీసుకున్నప్పుడు పిడికిలి పూర్తిగా బిగుసుకోదు, లోపల లోహం అడ్డుంటుంది కాబట్టి. మీ చూపు బిళ్ళ వెంటే వెళ్తుంది. ఎడమ చేయి తన పని అయిపోయిందన్నట్టు వదులుగా కిందికి వాలుతుంది. ఇప్పుడు దొంగ పని చేసి అదే కోణంలో రికార్డు చేయండి. కుడి పిడికిలి గట్టిగా బిగిసి ఉంటుంది, ఎడమ చేయి గాలిలోనే కొయ్యబారి ఉంటుంది, మీ కళ్ళు ఒక్కసారి అటు వెళ్ళి వస్తాయి. మీ స్నేహితులు చదివింది ఆ కళ్ళనే. రెండు వీడియోల్లో ఏది నిజమో మీకే తేడా తెలియకుండా పోయేదాకా ఎవరికీ చూపించకండి.

ఇంకొక సంగతి. అసలు బిళ్ళను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎందుకు మార్చారు? కారణం లేని కదలిక అనుమానం పుట్టిస్తుంది. ప్యాంటు ఎడమ జేబులో పెన్ను ఉంది, దాన్ని తీయాలంటే ఎడమ చేయి ఖాళీ కావాలి, అందుకని బిళ్ళను కుడి చేతికి ఇచ్చారు. ఆ మాత్రం సాకు చాలు.

ఇవి కుదిరాకే క్లాసిక్ పామ్. అరచేతి నడుమ, బొటనవేలి కింది కండకూ ఎదుటి వైపు కండకూ మధ్య బిళ్ళను ఇరికించి పట్టడం ఇది. మధ్యవేలి, ఉంగరపు వేలి కొసలతో బిళ్ళను అక్కడికి నొక్కాలి. మొదట్లో బొటనవేలు బిర్రబిగుసుకుని పక్కకు పొడుచుకొస్తుంది, గట్టిగా నొక్కే కొద్దీ ఇంకా పొడుచుకొస్తుంది. కాబట్టి బలం తగ్గించడమే ఇక్కడి సాధన. బిళ్ళను అలా ఉంచుకునే పేపరు తిరగేయండి, తలుపు గడియ తీయండి, టీ గ్లాసు పట్టుకోండి. నేను నోట్లు లెక్కపెట్టే పద్ధతిలో సాధన చేసేవాణ్ణి (కౌంటరులో కాదులెండి, ఇంట్లో తెల్ల కాగితాల కట్టతో). చర్మం మరీ పొడిగా ఉండేవారు కాస్త గ్లిజరిన్ రాసి తుడుచుకుంటే పట్టు దొరుకుతుంది.

ప్రశ్న: ఇంగ్లీషు పుస్తకాలన్నీ హాఫ్ డాలర్ తీసుకోమంటాయి. మనకు ఏ నాణెం అనువు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇది నా వృత్తికి సంబంధించిన ప్రశ్న, కాస్త విస్తరిస్తే ఓర్చుకోండి. హాఫ్ డాలర్ వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, బరువు 11 గ్రాముల పైచిలుకు. మన దగ్గర దానికి సరిజోడు బ్రిటిష్ కాలపు వెండి రూపాయి. తులం బరువు, అంటే 11.66 గ్రాములు. వ్యాసమూ దాదాపు అంతే. అలాగని నానమ్మ దేవుడి గూట్లో దాచుకున్నదాన్ని అడగకండి. 1980లలో చలామణీ అయిన పెద్ద రూపాయి బిళ్ళ 28 మిల్లీమీటర్లు ఉండేది, చేతికి బాగా ఒదిగేది. పాత నాణేలు అమ్మేవాళ్ళ దగ్గర ఇప్పటికీ దొరుకుతుంది.

కానీ ఈ వెతుకులాట అక్కర్లేదు. పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు, దాదాపు 7.7 గ్రాములు. రెండు లోహాల మెరుపు వల్ల నాలుగు అడుగుల దూరానికి కూడా కంటికి ఆనుతుంది. ఇరవై రూపాయల బిళ్ళదీ అదే వ్యాసం, కానీ దానికి 12 పక్కలున్నాయి, కొత్త చేతికి కోణాలు గుచ్చుకుంటాయి. స్టీలు రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు నున్నగా, తేలిగ్గా ఉండి చెమట పట్టగానే జారిపోతాయి.

కొన్ని ఊళ్ళలో కొట్టువాళ్ళు పది రూపాయల బిళ్ళ చూస్తే మొహం చిట్లిస్తారు. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పినా ఆ భయం పోలేదు. మీకు అదీ మంచిదే. ఎవరి ఇంట్లో చూసినా డబ్బా అడుగున మూలుగుతూ ఉంటాయి. ఒకే డిజైనువి నాలుగు ఏరి పెట్టుకోండి. ముందు ముందు ఒకదాని స్థానంలో ఇంకొకటి మార్చాల్సి వస్తుంది, బొమ్మ తేడా ఉంటే దొరికిపోతారు.

ప్రశ్న: పుస్తకం కొనాలా, వీడియో కోర్సు కొనాలా? అంతర్జాలంలో ప్రత్యేక నాణేలున్న కిట్ ఒకటి ఊరిస్తోంది.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: ఒకే ఒక పుస్తకం కొనండి. జె.బి. బోబో రాసిన 'మోడర్న్ కాయిన్ మ్యాజిక్', 1952 నాటిది. అమెరికాలో డోవర్ సంస్థ 1982లో చవక ప్రతిగా తిరిగి వేసింది. ఇంగ్లీషు సులువుగా ఉంటుంది. అయితే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవకండి, మతిపోతుంది. నాణెం మాయం చేసే పద్ధతులే అందులో కోకొల్లలు. దాచే పట్టుల అధ్యాయం చదివి, మాయం చేసేవి రెండు ఎంచుకుని, పుస్తకం మూసేయండి. నాణేల మాంత్రికుడు డేవిడ్ రాత్ విద్య గురించి రిచర్డ్ కౌఫ్‌మన్ రాసిన 'ఎక్స్‌పర్ట్ కాయిన్ మ్యాజిక్' (1985) గొప్పదే, కానీ అది వచ్చే ఏడాది సంగతి. డబ్బు పెట్టకూడదనుకుంటే, ఇందాక చెప్పిన హాఫ్‌మన్ పుస్తకానికి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ఉచితంగా చదువుకోవచ్చు. భాష పాతకాలపుదైనా పామింగ్ (చేతిలో దాచడం) గురించి అతను చెప్పింది నేటికీ చెల్లుతుంది.

వీడియో చూసి నేర్చుకున్నవాళ్ళను నేను ఇట్టే గుర్తుపట్టగలను. నేర్పినవాడి భుజం ఎగరేయడం, కనుబొమ్మ లేపడం కూడా అచ్చుగుద్దినట్టు వచ్చేస్తాయి. పుస్తకంలోని గీతల బొమ్మకు ముఖం ఉండదు, కాబట్టి ముఖం మీదే పెట్టుకోవాలి. అలాగని వీడియోను పూర్తిగా కొట్టిపారేయను. రిటెన్షన్ వానిష్ అని ఒకటుంది. వేళ్ళు మూసుకుంటుండగా బిళ్ళ మెరుపు చూసేవాడి కంట్లో ఇంకా నిలిచే ఉంటుంది, అప్పటికే బిళ్ళ వెనక్కి వచ్చేసి ఉంటుంది. ఆ లయ నాలుగు బొమ్మల్లో ఇమడదు, కదలిక చూడాల్సిందే. వీడియో మంచిదో కాదో తేల్చుకోవడానికి నా పద్ధతి ఇది: నేర్పేవాడు ముందు ఆపకుండా, ఒక మనిషి ఎదుట, మొత్తం చేసి చూపించాడా? ఏ కోణం నుంచి చూస్తే దొరికిపోతామో చెప్పాడా? ఇది ఎవరి పద్ధతో పేరు చెప్పాడా? మూడూ లేకపోతే అతనికీ నిన్ననే వచ్చిందన్నమాట.

కిట్ వద్దు. గుల్ల నాణెం, మడిచే నాణెం లాంటివి చేతిలో ఉంటే చేయి నేర్చుకోవడం మానేస్తుంది. పైగా నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం నిషేధించింది. మన బిళ్ళలను కోసి తయారుచేసిన సరుకైతే రెండు రకాలుగానూ దండగే.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలకు బిళ్ళ మాయం చేసి చూపిస్తుంటాను. "రెండో చేయి కూడా తెరవండి సార్" అంటారు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: తెరవండి! తెరిచేటప్పటికి అందులో ఏమీ లేకుండా చూసుకోవడమే కిటుకు. నాకు లేని సౌకర్యం ఒకటి మీకుంది, చాక్‌పీసుల పెట్టె. బిళ్ళను కుడి చేతిలోకి తీసుకున్నట్టు నటించి, ఎడమ చేతిని చాక్‌పీసు కోసం పెట్టెలో పెట్టండి. బిళ్ళ అక్కడే ఉండిపోతుంది, చాక్‌పీసు పైకి వస్తుంది. చాక్‌పీసుతో పిడికిలి మీద ఒక సున్న చుట్టి నెమ్మదిగా తెరవండి. ఎడమ చేయి చూపమంటే చాక్‌పీసు కింద పెట్టి అదీ చూపండి.

చేయి పెట్టెలోకి వెళ్తున్నప్పుడు మీరు మాత్రం అటు చూడకూడదు. స్కాట్లాండులోని ఎయిర్ పట్టణంలో జాన్ రామ్సే అనే కిరాణా వ్యాపారి ఉండేవారు, 1962లో పోయారు. నాణేల విద్యలో సాటి మాంత్రికులనే బోల్తా కొట్టించేవారు. ఎదుటివాళ్ళు దేన్ని చూడాలనుకుంటే దాన్ని మీరు చూడాలి, వాళ్ళు మిమ్మల్ని చూడాలనుకుంటే వాళ్ళ వైపు చూడాలి అనేది ఆయన నేర్పిన సూత్రం. పిడికిలిని చూస్తూ వెనక బెంచీ అబ్బాయిని ఏదైనా అడగండి. క్లాసంతా ఒక్కసారి అటు తిరుగుతుంది. అడిగారు కదా అని అదే పీరియడ్లో రెండోసారి మాత్రం చేయకండి.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్ళు. చేతులు చిన్నవి. నేర్పవచ్చా?
– ఒక తల్లి, వరంగల్లు

జవాబు: నిక్షేపంగా నేర్పండమ్మా. పాత రకం పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ళ 23 మిల్లీమీటర్లు, ఆ చేతికి సరిపోతుంది. ఫింగర్ పామ్ ఒక్కటే నేర్పండి. నోట్లోంచి నాణెం తీసే వేషాలు మాత్రం వద్దు. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే సాధన కాగానే బిళ్ళలు లెక్కపెట్టి పైన పెట్టించండి.

ప్రశ్న: డాలస్ నుంచి అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు. మ్యాజిక్ సామాను ఏమైనా తెప్పించుకోమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సామాను వద్దు, బిళ్ళలు తెప్పించుకోండి. అక్కడి బ్యాంకులో అడిగితే కెనెడీ బొమ్మ ఉన్న హాఫ్ డాలర్లు ముఖవిలువకే ఇస్తారు, ఒక్కొక్కటి యాభై సెంట్లు. దగ్గర లేకపోతే చాలా బ్యాంకులు తెప్పించి ఇస్తాయి, కాబట్టి ప్రయాణం ముందు రోజు దాకా ఆగవద్దనండి. అంచు గీతలు అరగనివి ఏరుకోమనండి, క్లాసిక్ పామ్‌లో పట్టు ఇచ్చేవి ఆ గీతలే. నాణేలతో చేసే మంచి ప్రదర్శనల్లో చాలావాటికి నాలుగు కావాలి, ఒకటి పోయినా ఇబ్బంది లేకుండా ఐదు తెమ్మనండి. మొత్తం ఖర్చు రెండున్నర డాలర్లు. అన్నయ్యకు తిరిగి ఇవ్వకుండా ఊరుకున్నా పరవాలేదు.