టైమ్ జీరో దొరికే దాకా సినిమా మాట ఎత్తకు

అమ్మడూ,

పీహెచ్‌డీకి అల్ట్రాఫాస్ట్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ, అదే, కంటికి అందనంత చిన్న, వేగమైన కదలికల్ని ఎలక్ట్రాన్ పల్స్‌లతో బొమ్మ తర్వాత బొమ్మగా పట్టి సినిమాలా చూపించే పద్ధతి, తీసుకున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత సంతోషం వేసిందో! అమెరికాలోని కాల్‌టెక్‌లో రసాయన శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్ బృందం ఈ పద్ధతిని నిలబెడుతున్న రోజుల్లో వాళ్ల పేపర్లు ప్రింట్ తీసుకుని, అంచుల్లో లెక్కలు వేసుకుంటూ చదివాను. 2008లో వాళ్లు పలుచని గ్రాఫైట్ పొర డప్పులా కంపించడం చూపించినప్పుడు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నీకూ వెంటనే అలాంటి సినిమా తీసేయాలని ఉంటుంది. ముందు టైమ్ జీరో పట్టుకో. లేజర్ పల్స్‌ని రెండు పాయలు చేస్తారు కదా, ఒకటి శాంపిల్‌ని కదిలిస్తుంది, రెండోది మైక్రోస్కోప్ పైభాగంలోని కేథోడ్ అనే లోహపు కొన మీద పడి ఎలక్ట్రాన్లను పుట్టిస్తుంది. ఆ ఎలక్ట్రాన్లూ మొదటి పాయా కలిసి శాంపిల్‌ని చేరే క్షణం అది. ఒక పాయ దారిని పెంచి తగ్గించే డిలే స్టేజ్ మీద అద్దం 0.15 మిల్లీమీటర్లు జరిగితే కాంతికి పోనూ రానూ 0.3 మిల్లీమీటర్ల దారి పెరుగుతుంది, అంటే 1 పికోసెకండ్, సెకండ్‌లో లక్ష కోట్ల వంతు. వెంట్రుక మందమంత జరిగినా దాదాపు అర పికోసెకండ్ పోయినట్టే. అందుకే స్టేజ్ దగ్గర చెయ్యి ఆనించకు, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకు.

ఎలక్ట్రాన్లు ఎక్కువైతే ఒకదాన్నొకటి నెట్టుకుని పల్స్ సాగిపోతుంది. పల్స్‌కి ఒకటీ అరా పంపితే ఆ బాధ ఉండదు గానీ, ఒక్క బొమ్మకి లక్షల పల్స్‌లు కావాలి. ప్రతిసారీ శాంపిల్ మళ్లీ మొదటి స్థితికి రావాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మూడు వారాల డేటా చేతిలో ఉంది. చివర్లో టైమ్ జీరోకి ముందు తీసిన బొమ్మని మొదటి రోజు దానితో పక్కపక్కన పెడితే, పొర వంపు చూపించే నల్లటి చార కొంచెం పక్కకి జరిగి ఉంది. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య వేడి పూర్తిగా దిగలేదు. మొత్తం పారేశాను.

అందుకని రోజూ మొదట్లో, చివర్లో ఆ ముందు బొమ్మ తప్పకుండా తీయి. తేడా కనిపిస్తే పల్స్‌ల రేటు తగ్గించు, టైమ్ ఎక్కువ పట్టినా సరే. మొదటి శాంపిల్‌గా వనేడియం డయాక్సైడ్ అడుగు. 68 డిగ్రీల దగ్గర లోహంలా మారి, చల్లబడితే వెనక్కి వస్తుంది.

టైమ్ జీరో గ్రాఫ్ రాగానే ఫోటో తీసి పంపు. ఇక్కడ అర్ధరాత్రయినా ఫర్వాలేదు.

మీ పెదనాన్న