వైఫై కలిసినా ఇంటర్నెట్ రాకపోతే ముందు తేదీ చూడండి

ఫోన్లన్నీ బాగానే ఉన్నా, రెండు నెలలు పక్కన పెట్టిన ఆండ్రాయిడ్ టాబ్లెట్‌కు మాత్రం వైఫై కలిసినా ఇంటర్నెట్ రావడం లేదన్నారు కదా. నా అనుమానమంతా తేదీ మీదే. ఛార్జింగ్ పూర్తిగా అయిపోయి చాలాకాలం ఉంటే గడియారం ఏళ్ల వెనక్కి పోవచ్చు. అప్పుడు వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు (సైటు అసలైనదేనని చూపే, గడువు తేదీలుండే డిజిటల్ పత్రాలు) చెల్లనివిగా కనిపించి, పేజీలు తెరుచుకోవు. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం మీరే సరిచేయండి. మా అమ్మ టాబ్లెట్ ఇలాగే బాగుపడింది.

అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌ను (సైట్ల పేర్లకు ఇంటర్నెట్ చిరునామాలు వెతికిపెట్టే సేవ) ఆటోమేటిక్‌కు మార్చండి. వైఫై వివరాల్లో ఐపీ సెట్టింగ్ (నెట్‌వర్క్‌లో టాబ్లెట్ చిరునామా) స్టాటిక్ అని, అంటే చేత్తో పెట్టినదిగా ఉంటే, ఆ చిరునామాను రౌటరే ఇచ్చే డీహెచ్‌సీపీ ఎంచుకోండి. వైఫై పేరును తొలగించి, పాస్‌వర్డ్ మళ్లీ ఇచ్చి చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ (టాబ్లెట్‌ను కొత్తదానిలా మొత్తం తుడిచేయడం) జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి, అందులో దాచుకున్న ఫొటోలన్నీ పోతాయి.